కార్న్‌ఫ్లేక్స్ డబ్బాల పాత బేస్‌బాల్ కార్డులు: కత్తెర వంకరలు చూసి పారేయకండి

ఒక ఇంటి సామాన్ల అమ్మకంలో చెప్పుల పెట్టె నిండా పాత బేస్‌బాల్ కార్డులు (ఆటగాళ్ల బొమ్మలుండేవి) కొన్నానని, వాటిలో కొన్ని కార్న్‌ఫ్లేక్స్ డబ్బా నుంచి కత్తెరతో కత్తిరించినవని, కొన్ని చారలు చారలుగా ఉన్న ప్లాస్టిక్‌వని, అవి విల్లులా వంగిపోయాయని రాశారు. వీటికి విలువ ఉందా, వీటితో సేకరణ మొదలుపెట్టవచ్చా, వంగినవాటిని సరిచేయడం ఎలా అని మీ ప్రశ్న. చివరి ప్రశ్నకే మొదట జవాబు చెబుతాను, ఎందుకంటే అది తొందరగా తెలియాలి: సరిచేయకండి. బరువైన పుస్తకం కింద పెట్టడం, ఇస్త్రీ పెట్టె చూపించడం లాంటి ఆలోచనలుంటే ఇప్పుడే మానుకోండి.

నేను ఉండేది మిషిగన్‌లో, బ్యాటిల్ క్రీక్‌కు దగ్గరలో. కార్న్‌ఫ్లేక్స్ లాంటివి చేసే పోస్ట్, కెలాగ్స్ రెండు కంపెనీలూ ఆ ఊళ్లో పుట్టినవే. ఈ చుట్టుపక్కల పాత సామాన్ల దుకాణాల్లో తిరిగితే ఏదో ఒక మూల ఇలాంటి పెట్టె తగులుతూనే ఉంటుంది. ఆట మీద ఆసక్తి నాకు ఆలస్యంగా వచ్చింది, కార్డుల పిచ్చి ముందు పట్టుకుంది. చిన్నప్పుడు బిగ్ ఫన్ బబుల్‌గమ్ కొని క్రికెట్ పరుగులు కూడబెట్టినవాళ్లకు దీని గురించి విడమరిచి చెప్పనక్కర్లేదు.

మీ పెట్టెలోని అట్టముక్కలు చాలావరకు పోస్ట్ కంపెనీవే అయి ఉంటాయి. 1961, 1962, 1963 మూడేళ్లూ ఏడాదికి 200 నంబర్ల చొప్పున ఆ కంపెనీ డబ్బాల వెనకవైపు కార్డులు అచ్చువేసింది. ఆటగాడి బొమ్మ, పేరు, ఆట లెక్కలు అన్నీ ముందువైపే ఉంటాయి. వెనక ఏమీ ఉండదు, డబ్బా లోపలివైపు ఉండే బూడిదరంగు అట్టే. ఏ ఏడాది కార్డో తేల్చుకోవడం తేలిక. కార్డు మీద అంతకుముందు సీజను లెక్కలుంటాయి. 1960 లెక్కలుంటే 1961 కార్డు, 1961 లెక్కలుంటే 1962 కార్డు. రోజర్ మారిస్ అనే ఆటగాడు 1961లో 61 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టి, ఒక సీజనులో అత్యధిక హోమ్ రన్ల విషయంలో బేబ్ రూత్ రికార్డు దాటాడు. ఆ అంకె 1962 కార్డు మీద చూసినప్పుడు నాకు ఇప్పటికీ సరదాగానే ఉంటుంది.

అప్పట్లో బేస్‌బాల్ కార్డులంటే టాప్స్ కంపెనీదే రాజ్యం. అయితే ఆటగాళ్లతో దాని ఒప్పందాలు కార్డులను విడిగా గానీ, చూయింగ్ గమ్, మిఠాయిలతో గానీ అమ్మడానికి సంబంధించినవి. పొద్దున పాలలో వేసుకునే తిండితో ఇస్తే అవి అడ్డురావు. పోస్ట్‌కు దొరికిన సందు అదే. ఆ కాలపు మేటి ఆటగాళ్లు మిక్కీ మ్యాంటిల్, విల్లీ మేస్, హ్యాంక్ ఆరన్, రొబెర్తో క్లెమెంటే, శాండీ కోఫాక్స్, మా డెట్రాయిట్ వాళ్లు ప్రాణంగా చూసుకునే ఆల్ కేలైన్, అందరూ ఈ డబ్బాలెక్కారు.

ఇక కత్తెర సంగతి. ప్రతి కార్డు చుట్టూ సన్నని నల్లగీత ఉంటుంది. ఆ గీత నాలుగువైపులా కనిపించేలా కత్తిరించిన కార్డుకే మంచి ధర. కార్డు స్థితిని పరీక్షించి దానికో అంకె వేసే గ్రేడింగ్ కంపెనీలు కూడా దాన్నే చూస్తాయి. గీత లోపలికి కత్తెర పోయిందంటే అంకె ఇవ్వవు, అసలైనదే అని మాత్రం ధ్రువీకరించి ఊరుకుంటాయి. అందుకే చాలామంది వంకర కార్డులను చెత్తగా చూస్తారు. నాకు ఇది ఎప్పుడూ మింగుడుపడదు. ఈ కార్డును తయారు చేసింది సగం ఫ్యాక్టరీ, సగం ఎనిమిదేళ్ల పిల్లవాడు. నా దగ్గర 1962 నాటి కార్డు ఒకటుంది. పైఅంచు గీత వెంట తిన్నగా నడిచి, మూల మలుపు దగ్గర కత్తెర తిరగక, అక్కడ చిన్న మెట్టులాంటి గాటు పడింది. వెనక ఖాళీ అట్ట మీద పెన్సిలుతో తొమ్మిది ఇంటిపేర్లు వరసగా రాసి ఉన్నాయి. ఎవరో తన కలల జట్టుకు బ్యాటింగ్ వరస రాసుకున్నాడు. నాలుగో పేరు కొట్టేసి మళ్లీ రాశాడు. దుకాణదారు దాన్ని పాడైన సరుకు కింద కట్టి నా చేతిలో పెట్టాడు. అంతకన్నా మంచి కార్డు నా ఆల్బమ్‌లో లేదు.

మీకు ఇప్పుడు అనిపించవచ్చు, వంకర అంచులను పదునైన బ్లేడుతో తిన్నగా చేసేస్తే అని. చేయకండి. చేస్తే కార్డు చిన్నదవుతుంది, ఉన్న గీత కూడా పోతుంది. అలాగే పెట్టెలో ఎక్కడైనా ఇంకా కత్తిరించని డబ్బా ముక్క, రెండు మూడు కార్డులు కలిసి ఉన్నది కనిపిస్తే దాన్ని విడదీయకండి. విడికార్డులు ఎన్నైనా దొరుకుతాయి, ముక్కలు చేయని అట్ట అరుదు.

కొన్ని నంబర్లు ఎందుకు దొరకవన్నది ఇందులో నాకు బాగా నచ్చే విషయం. ఫలానా ఆటగాడి కార్డు ఫలానా రకం డబ్బా మీదే అచ్చయ్యేది. పిల్లలు మారాం చేసి కొనిపించుకునే తీపి రకాల మీది కార్డులు ఇంటింటా చేరాయి. ఎక్కువ అమ్ముడుపోని రకాల మీద మాత్రమే వచ్చినవి తక్కువ మిగిలాయి. అందువల్ల పెద్దగా పేరులేని ఆటగాడి కార్డు ఒక్కోసారి మహామహుల కార్డు కంటే ఖరీదవుతుంది. కాబట్టి పెట్టెలో పెద్ద పేర్లు మాత్రమే ఏరుకుని మిగతావి ఎవరికైనా ఇచ్చేసే పని పెట్టుకోకండి. ముందు నంబర్లన్నీ రాసుకుని ధరల పట్టికతో పోల్చి చూడండి.

ఒక చిన్న జాగ్రత్త. 1962లో లైఫ్ పత్రికలో మ్యాంటిల్, మారిస్ కార్డులు ప్రకటనతో కలిపి వచ్చాయి. వాటి వెనక ఖాళీగా ఉండదు, ప్రకటన అచ్చు ఉంటుంది. అవీ అసలైనవే, డబ్బా కార్డులు మాత్రం కావు. కొనేటప్పుడు ఈ తేడా తెలిసి కొనాలి. జెల్-ఓ (జెల్లీ చేసుకునే పొడి) డబ్బాల మీద 1962, 1963ల్లో వచ్చిన కార్డులు కూడా పోస్ట్ కంపెనీ కార్డులను పోలి ఉంటాయి. అప్పట్లో రెండింటి యజమాని జనరల్ ఫుడ్స్ కంపెనీయే. పోస్ట్ కంటే అవి తక్కువగా దొరుకుతాయి.

చారల ప్లాస్టిక్ కార్డులు కెలాగ్స్‌వి, 1970 నుంచి 1983 వరకు వచ్చినవి. వీటిని కత్తిరించే పనిలేదు, కాగితపు కవరులో డబ్బా లోపలే పెట్టి ఇచ్చేవారు. ఒకటి తీసి దీపం కింద కాస్త అటూ ఇటూ తిప్పి చూడండి. ఆటగాడు ముందుకు వచ్చి నిలబడతాడు, వెనక మసకగా ఉన్న మైదానం పక్కకు జరుగుతుంది. గోరుతో అడ్డంగా గీస్తే గరగరమంటుంది. ఆ మాయ అంతా పైనున్న చారల పొరదే, కార్డుకు చేటు తెచ్చేదీ అదే. ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్ పొర ముడుచుకుంటుంది, వెనకున్న కాగితం దానితో సమానంగా ముడుచుకోదు, కార్డు వంగుతుంది. వంగిన కార్డును బలవంతంగా చదును చేస్తే అంచు నుంచి లోపలికి పగులు పాకుతుంది. వంగినా పగలని కార్డు నయం, చదునుగా ఉండి పగిలింది దండగ. ఇరుకు తొడుగుల్లో దూర్చకుండా, వదులుగా ఉండే గట్టి పెట్టెలో పెట్టి ఇంట్లో మనుషులుండే గదిలోనే ఉంచండి. అటక వేడికి అవి త్వరగా పాడవుతాయి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు వెలుతురు ఏటవాలుగా పడేలా తీసిన ఫోటో అడగండి. తిన్నగా తీసిన ఫోటోలో సన్నని పగులు కనిపించదు.

వీటిలో 1970, 1971 సెట్లు 75 కార్డులవి. 1973వి మామూలు కార్డులు, చారలుండవు. అన్నిటికన్నా కష్టం 1971తో. మిగతా చాలా ఏళ్లలో డబ్బా మూతలు, కొంత డబ్బు పంపితే సెట్టంతా తపాలాలో వచ్చేది. ఆ ఏడాది ఆ వీలు లేదు, తిని తిని డబ్బాకొకటి చొప్పున కూడబెట్టాల్సిందే. ఆ సెట్టు పూర్తి చేసిన పిల్లలు ఎన్ని కార్న్‌ఫ్లేక్స్ మింగారో!

1990లో పోస్ట్ మళ్లీ 30 కార్డులతో వచ్చింది. ఆటగాళ్ల సంఘం అనుమతి ఉంది గానీ జట్ల గుర్తులు వాడుకునే హక్కు లేదు, అందుకని టోపీల మీద గుర్తులు చెరిపేశారు. వాటికి నేనైతే డబ్బు పెట్టను.

విలువ విషయానికొస్తే, మామూలు ఆటగాళ్ల కత్తిరించిన పోస్ట్ కంపెనీ కార్డులు కొద్ది డాలర్లకే దొరుకుతాయి, కనుక పెట్టెతో ఇల్లు కొనలేరు. సేకరణ మొదలుపెట్టడానికి మాత్రం ఇంతకన్నా చవకైన దారి లేదు. టాప్స్‌లో మ్యాంటిల్ కార్డు కొనలేనివారికి పోస్ట్ మ్యాంటిల్ అందుబాటులోనే ఉంటుంది, అంచు వంకరైతే ఇంకా చవక. గ్రేడింగుకు పంపే ఖర్చు మీ కార్డుల్లో చాలావాటి ధరను మించుతుంది. గీత నాలుగువైపులా ఉన్న పెద్ద పేర్లు ఒకటో రెండో ఉంటే అవి మాత్రం పంపండి. అమ్మే ఆలోచన ఉంటే 1971 కెలాగ్స్ కార్డులు ఏమేమి ఉన్నాయో నంబర్లు ఇక్కడే రాయండి. నా సెట్టులో ఇంకా ఖాళీలున్నాయి.