బుజ్జి కుక్క కొనే ముందు ఎండ చూసుకోండి

ప్రశ్న: మాది చంద్రగిరి మండలం. తోటలోనే ఇల్లు. రెండు పాడి ఆవులు, పది మేకలు, కొన్ని నాటుకోళ్లు ఉన్నాయి. పిల్లలు చిన్న జాతి కుక్క కావాలంటున్నారు. పగ్ తెద్దామనుకుంటున్నాం. డాషండ్, పమేరియన్ కూడా చూశాం. ఏది మేలు? పెంపకంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక రైతు

జవాబు: పగ్ ఆలోచన మానుకోండి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ ఒళ్లు చల్లబరుచుకుంటుంది. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతుల్లో ముక్కు రంధ్రాలు ఇరుకు, లోపల అంగిలి కండ సాగి గాలికి అడ్డుపడుతుంది. మే నెలలో మీ వైపు 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం పిల్లలతో పది నిమిషాలు పరుగెత్తినా వడదెబ్బ తగలొచ్చు. పలమనేరు వైపు కాస్త చల్లన కాబట్టి అక్కడైతే నెట్టుకురావచ్చు. మీకు ఏసీ గది లేకుంటే మాత్రం వద్దు.

డాషండ్ పొట్టి వెంట్రుకలది, ఎండకు పగ్ కంటే నయం. కానీ బొరియల్లో దూరి వేటాడడానికి జర్మనీలో తయారుచేసిన జాతి అది. గట్టు మీద ఎలుక బొక్క కనిపిస్తే మూతి దూర్చేస్తుంది, లోపల పాముందో ఏముందో చూడదు. మీ కోడిపిల్లలకూ గండమే. దాని నడుము పొడుగు కావడంతో వెన్నుపూసల మధ్య డిస్కు జారే జబ్బు ఎక్కువ. మిద్దె మెట్లు ఎక్కి దిగడం, మంచం మీంచి దూకడం, ఒళ్లు పెరగడం మూడూ చేటే. ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి పిర్రల కింద పెట్టాలి. వెనక కాళ్లు ఈడుస్తుంటే తెల్లారేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

మీ ఇంటికి నా ఓటు స్పిట్జ్‌కే. మన ఊళ్లలో పమేరియన్ పేరుతో అమ్మేది చాలావరకు ఇండియన్ స్పిట్జే. అసలు పమేరియన్ రెండు మూడు కిలోలు దాటదు, ఇది 5 నుంచి 7 కిలోలు తూగుతుంది. కొత్తవాళ్లు గేటు దగ్గరికొస్తే చాలు, ఊరంతా లేపుతుంది. తోట ఇంటికి అది పనికొచ్చే గుణమే, టౌన్‌లో అయితే పక్కింటివాళ్లతో గొడవ. బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. రోజు విడిచి రోజు దువ్వాలి. ఎండాకాలం వచ్చిందని గుండు మాత్రం కొట్టించకండి. తిరుపతిలో గుండు మనకే గానీ కుక్కకు కాదు! పైపొర పోతే ఎండ నేరుగా చర్మాన్ని కాలుస్తుంది, వెంట్రుక మళ్లీ సరిగా రాకపోవచ్చు కూడా. తిప్పడానికి పొద్దున్నే, లేదా పొద్దు గుంకాక తీసుకెళ్లండి. ముందు అరచేతి వెనక భాగాన్ని సిమెంటు నేల మీద ఆనించి చూడండి. ఏడు సెకన్లు ఆపలేకపోతే దాని పాదాలూ ఆగలేవు. వడదెబ్బ తగిలితే నీడకు చేర్చి, మామూలు నీళ్లతో ఒళ్లు తడిపి, ఫ్యాన్ పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఐసు నీళ్లు పొయ్యకూడదు. శేషాచలం అంచు పల్లెల్లో చిరుతలు కుక్కల కోసమే వస్తుంటాయి, రాత్రి ఇంట్లోనే పడుకోబెట్టండి.

కొనేటప్పుడు ఎనిమిది వారాలు నిండని పిల్లను తీసుకోవద్దు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం అమ్మడమే నేరం. తల్లిని చూపించమనండి. చిగురును వేలితో నొక్కి వదలండి, తెల్లబడ్డచోట రెండు సెకన్లలోపు ఎరుపు తిరిగి రావాలి. ఒళ్లు బక్కగా, పొట్ట మాత్రం కుండలా ఉంటే నట్టలున్నట్టే. టీకా కార్డులో తేదీ ఒక్కటే సరిపోదు, మందు సీసా స్టిక్కరు అంటించి ఉండాలి.

పార్వో, డిస్టెంపర్ వంటి వైరస్ జబ్బులకు కలిపి ఇచ్చే టీకా 6–8 వారాలకు మొదలుపెట్టి, 3–4 వారాల తేడాతో 16 వారాలు నిండేదాకా వేయించాలి. పన్నెండు వారాలు నిండాక రేబిస్ టీకా, ఆ తర్వాత ఏడాదికోసారి. జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా పశువైద్యశాలల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తుంటారు, కనుక్కోండి. మొదటి టీకా వరుస పూర్తయ్యేదాకా బయట నేల మీద తిప్పొద్దు. పార్వో వస్తే నెత్తురు విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పిల్ల దక్కకుండా పోతుంది.

నట్టల మందు మీ విషయంలో మరీ ముఖ్యం, ఎందుకంటే మీకు మేకలున్నాయి. మేకను కోసినప్పుడు పచ్చి కార్జం, ఊపిరితిత్తులు, తలకాయ కుక్కకు వేస్తారు చూడండి, చేటు అక్కడే మొదలు. అందులోని నీటితిత్తులు కుక్క పేగుల్లో బద్దెపురుగులవుతాయి. వాటి గుడ్లు పెంటతో గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి మేసిన మేకల్లో కొన్నిటికి తల ఒకవైపు వంచి గుండ్రంగా తిరిగే జబ్బొస్తుంది. కుక్క బొచ్చు నిమిరి చెయ్యి కడుక్కోకుండా అన్నం తినే పిల్లల కాలేయంలోనూ తిత్తులు పెరగొచ్చు. మాంసం ఏదైనా ఉడికించే పెట్టండి. ఆరు నెలల వరకు నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి ప్రాజిక్వాంటెల్ కలిసిన మాత్ర బరువును బట్టి వేయాలి.

పిడుదులకు ఆవుల మందే కొట్టేస్తుంటారు. డెల్టామెత్రిన్, అమిట్రాజ్ వంటివి ఆ పాళ్లలోనే కుక్కకు వాడితే, నాకి విషమెక్కుతుంది. కుక్కల కోసం బరువును బట్టి నెలకోసారి ఇచ్చే నమిలే మాత్రలున్నాయి, డాక్టరు రాసినవి వాడండి. చెవి లోపల, కాలివేళ్ల సందుల్లో రోజూ వెతకండి. జ్వరం, తిండి మానడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కులోంచి నెత్తురు, కాఫీ రంగు మూత్రం ఇవన్నీ పిడుదుల జ్వరాల గుర్తులు. రక్తపరీక్షకు తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు దగ్గరే.

పెరుగన్నం ఒక్కటే పెడితే బలం చాలదు. ఆరు కిలోల పెద్ద కుక్కకు రోజుకు 150 గ్రాముల అన్నం, 100 గ్రాముల ఉడికించిన ఎముకల్లేని కోడిమాంసం, కాస్త క్యారెట్ రెండు పూటలుగా పెట్టండి. క్యాల్షియం ఎంతివ్వాలో డాక్టరును అడగండి. పిల్లకైతే మూడు నెలల వరకు నాలుగు పూటలు, ఆరు నెలల వరకు మూడు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్, ఉడికించిన ఎముకలు పనికిరావు. తిరుమల లడ్డూ ముక్క కూడా వద్దు, అందులో కిస్మిస్ ఉంటుంది.

ఆడ కుక్కపిల్లను తెస్తే తొలి ఎద ఆరో నెల నుంచి ఏడాది లోపు వస్తుంది. పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ చేయించండి, గర్భసంచిలో చీము పట్టే ప్రమాదమూ తప్పుతుంది. ఇది 12 నుంచి 15 ఏళ్లు బతికే ప్రాణి. మీ పిల్లలు చదువులకు వెళ్లిపోయాక గిన్నె ఎవరు కడుగుతారో ఇంట్లో ఇప్పుడే తేల్చుకోండి. తేలకపోతే ఈ ఏడాదికి ఆగండి.