నడిచేవాళ్లకు ఒక గడి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్మీడియట్ ఎం.పి.సి. రెండో సంవత్సరం చదువుతోంది. ఇంజనీరింగ్‌కు బదులు పట్టణ ప్రణాళిక చదువుతానని, మనుషులు భయం లేకుండా నడవగలిగే ఊళ్లను తీర్చిదిద్దాలన్నదే తన కోరిక అని అంటోంది. ఇది జీవితాంతం నమ్ముకోదగిన వృత్తేనా? ఏ చదువుతో మొదలుపెట్టాలి? మీరు ఈ రంగంలోకి ఎలా వచ్చారో కూడా తెలుసుకోవాలని ఉంది.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ అమ్మాయి కోరికకు జవాబు అందులోనే కొంత ఉంది. నేను సివిల్ ఇంజనీరింగ్ చదివి, రోడ్ల విస్తరణకు నివేదికలు తయారుచేసే ఒక సంస్థలో చేరాను. కూడళ్లలో నిలబడి వాహనాలు లెక్కపెట్టడం నా మొదటి పని. మా రంగంలో రద్దీని ‘ప్యాసింజర్ కార్ యూనిట్’ అనే కొలతలోకి మారుస్తారు. కారును ఒకటిగా తీసుకుని, బస్సుకు, లారీకి, ఆటోకు, చివరికి ఎడ్లబండికి కూడా ఒక్కో విలువ కడతారు. నా చేతిలోని కాగితంలో నడిచేవాళ్లకు మాత్రం గడి లేదు. ఒక సాయంత్రం బడి వదిలిన వేళ, రోడ్డు దాటే వీలు చిక్కక డివైడర్ మీద నిలిచిపోయిన పిల్లలను చూస్తూ, వాళ్లను ఎక్కడ రాయాలో తెలియక చాలాసేపు ఊరకే నిలబడిపోయాను. ఆ మరుసటి ఏడాదే గేట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాసి, ప్రణాళికలో మాస్టర్స్‌కు వెళ్లాను.

ఆ గడి ఎంత ముఖ్యమో డెన్మార్క్ వాస్తుశిల్పి యాన్ గేల్ పని చూస్తే తెలుస్తుంది. 1960లో పట్టా పుచ్చుకున్న ఆయనను, మనస్తత్వ శాస్త్రం చదివిన భార్య ఇన్‌గ్రిడ్, కట్టడాలు గీసేవాళ్లకు మనుషుల మీద ఆసక్తి ఎందుకు ఉండదని నిలదీసేవారట. 1962లో కోపెన్‌హాగన్ నగరం స్ట్రోయెట్ అనే బజారు వీధిలో, సుమారు ఒక కిలోమీటరు పొడవున, కార్లను ఆపివేసింది. ఈ చలిదేశంలో ఇటలీలో లాగా వీధుల్లో తిరిగేవాళ్లెవరని, తమ వ్యాపారం దెబ్బతింటుందని అక్కడి దుకాణదారులు గొడవ చేశారు. గేల్ ఆ వీధిలోనే కూర్చుని, ఎందరు నడుస్తున్నారో, ఎందరు ఆగుతున్నారో, ఎక్కడ కూర్చుంటున్నారో ఓపికగా లెక్క రాశారు. అంతవరకు వాహనాల అంకెలు మాత్రమే ఉన్న నగరానికి మనుషుల అంకెలు కూడా దొరికాయి, వాటి ఆధారంగా మరిన్ని వీధులు, కూడళ్లు నడకకు దక్కాయి. 2009లో న్యూయార్క్ నగరం టైమ్స్ స్క్వేర్‌లో బ్రాడ్‌వే అనే రోడ్డును నడిచేవాళ్లకు వదిలినప్పుడు కూడా ఆయన సంస్థ సలహా ఇచ్చింది. అంత దూరం పోనక్కరలేదు. చెన్నై నగరపాలక సంస్థ 2014లోనే నడకకు, సైకిళ్లకు ప్రత్యేక విధానాన్ని ఆమోదించింది, 2019లో పాండీ బజారు విశాలమైన కాలిబాటలతో కొత్త రూపు దిద్దుకుంది. మన తెలుగు కుటుంబాలు పెళ్లిచీరలకు వెళ్లే టి.నగర్‌లోనే ఇది జరిగింది కాబట్టి, ఈసారి వెళ్లినప్పుడు మీ అమ్మాయిని అక్కడ కాసేపు నడవనివ్వండి.

ఇక చదువు. ప్రణాళికలో నాలుగేళ్ల డిగ్రీ అయిన బి.ప్లాన్‌కు జె.ఇ.ఇ. మెయిన్‌లో 2బి పేపర్ రాయాలి, గణితం తప్పనిసరి కాబట్టి ఎం.పి.సి. సరిపోతుంది. 2008లో ఏర్పడిన విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ మీకు దగ్గరలోనే ఉంది. ఇంజనీరింగో ఆర్కిటెక్చరో చదివిన తరువాత రెండేళ్ల ఎం.ప్లాన్ చేసే దారి కూడా ఉంది, నాది అదే. ఉద్యోగాలు పట్టణాభివృద్ధి సంస్థల్లోను, పురపాలక సంఘాల టౌన్ ప్లానింగ్ విభాగాల్లోను, ప్రైవేటు సలహా సంస్థల్లోను ఉంటాయి. సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చుకుంటే నిరాశ తప్పదు. అది ఇప్పుడే ఆమెకు చెప్పండి, దాచవద్దు.

ఈ వృత్తిలో ఎక్కువ కాలం గడిచేది ఊరి భూవినియోగాన్ని చూపే మాస్టర్ ప్లాన్ పటాల రంగులతో కాదు, అంగుళాలతో. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో పాదచారుల కోసం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కాలిబాటలో అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, అంచు రాయి ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. చక్రాల కుర్చీలు రెండు ఎదురుపడినా తప్పుకోగలిగే వెడల్పు అది. ఎత్తు మరీ ఎక్కువైతే మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు దిగి రోడ్డు మీదే నడుస్తారు, తరువాత ఎవరూ వాడడం లేదన్న సాకుతో ఆ కాలిబాటనే రోడ్డులో కలిపేస్తారు. కాలిబాటకు అడ్డుగా ఉన్న ఒక ట్రాన్స్‌ఫార్మర్‌ను రెండు మీటర్లు జరపడానికి నేను మూడు శాఖల చుట్టూ ఏడాది తిరిగాను. జరిగిన రోజున కలిగిన ఆనందం ఇప్పటికీ తాజాగానే ఉంది. ఆ ఓపిక ఉన్నదీ లేనిదీ తేలడానికి, మీ అమ్మాయిని ఒక టేపు, నోటుపుస్తకం తీసుకుని ఇంటి నుంచి కళాశాల వరకు నడవమనండి. ఎక్కడ కాలిబాట తెగింది, ఎక్కడ నీడ లేదు, ఎక్కడ తాను రోడ్డు మీదికి దిగవలసి వచ్చింది అన్నది రాసుకోమనండి. రెండో రోజు కూడా తనంతట తానే వెళ్లిందంటే నిశ్చింతగా చేర్పించండి.

ప్రశ్న: మా ఊళ్లో కాలిబాటల నిండా తోపుడుబండ్లే. వాటిని తొలగిస్తే తప్ప నడవడం సాధ్యం కాదు కదా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: నా అనుభవం వేరుగా ఉంది. పూలమ్మేవాళ్లు, మిర్చిబజ్జీల బండి ఉన్న వీధిలో రాత్రి ఎనిమిదింటికి కూడా ఆడపిల్లలు ధైర్యంగా నడుస్తారు, అవి లేని చీకటి వీధిలో నడవరు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, వ్యాపారుల సర్వే పూర్తయి అందరికీ అమ్మకపు ధ్రువపత్రాలు ఇచ్చేంతవరకు ఎవరినీ ఖాళీ చేయించకూడదు. వీధి వ్యాపారాల వ్యవహారాలు చూసే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది ఆ వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. నడకకు 1.8 మీటర్లు విడిచి, రోడ్డు వైపు బండ్లకు చోటు గీయడం ప్రణాళికాకర్త పని. మీ వీధిని ఒకసారి కొలిచి చూడండి. బండి ఆక్రమించిన చోటు కంటే దాని పక్కనే నిలిపిన కారు ఆక్రమించిన చోటు ఎక్కువని తేలితే, ముందుగా కదలవలసింది ఆ కారే.