గుర్రం వెంట్రుకలు కొనక్కర్లేదు, కోడీక చాలు

"రాకు కుండల మీద ఈకలూ వెంట్రుకలూ పెట్టి డిజైన్లు వేస్తారట కదా, మన దగ్గర దొరికేవాటితో చెయ్యొచ్చా, నెమలీక పెడితే ఆ రంగు వస్తుందా" అని ఒకరు అడిగారు. రాకు అంటే కుండని ఎర్రగా కాల్చి, వేడిమీదే పొయ్యిలోంచి బయటికి తీసేసే జపాన్ పద్ధతి. ఆ వేడి కుండకి ఈకో వెంట్రుకో ఆనిస్తే అది కాలి మసి గీత పడుతుంది.

రంగు రాదండీ. నెమలీకలో కనిపించే నీలం వెలుగు చేసే మాయ తప్ప రంగు కాదు. ఈక కాలిపోయేక మిగిలేది మసి గీత ఒక్కటే, ఆ మాత్రం దానికి పెరట్లో తిరిగే పుంజు తోక ఈక చాలు. ఆన్‌లైన్లో గుర్రం వెంట్రుకలని చిన్న ప్యాకెట్ కట్టి అమ్ముతున్నారు, ఆ రేటు చూస్తే గుర్రాన్నే కొనొచ్చు అనిపిస్తుంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి సన్న ఖద్దరు తీసే పొందూరు మన పక్కనే ఉంది, మనకెందుకండీ ప్యాకెట్లు.

నేను చేసేది చీపురుపల్లి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో, కుమ్మరి మావయ్య పాకలో. పాత డ్రమ్ముకి లోపల వేడి తట్టుకునే తెల్లటి సిరామిక్ దుప్పటి చుట్టి, కింద గ్యాస్ బర్నర్ పెట్టేం. కుండ ముందే ఒకసారి కాలి ఉండాలి, గ్లేజ్, అంటే గాజులాంటి పూత, వెయ్యకూడదు. దీన్ని 700 డిగ్రీల దాకా వేడెక్కించి పట్టకారుతో బయటికి తీస్తాం. మీటర్ ఉంది గానీ మావయ్య దాని మొహం చూడడు. పొద్దుగూకేకే మొదలెడతాడు, ఎందుకంటే ఎండలో కుండ ఎరుపు కంటికి ఆనదు. ఈక చేత్తో పట్టుకుని నేను తొందరపడతంటే "ఆగు బాబూ, ఇంకా యెర్రగుంది, ఇప్పుడెడితే ఒట్టి మంటే" అంటాడు. అత్తయ్య దువ్వెనలోంచి తీసిన ఒక వెంట్రుక ముందు వేసి చూస్తాడు. భగ్గుమని పోయి గీత పడకపోతే వేడెక్కువున్నట్టు, జిగురులా అతుక్కుంటే చల్లారిపోయినట్టు, మళ్లీ డ్రమ్ములోకే. చుయ్‌మని ముడుచుకుంటా నల్లటి సన్న గీత గీసిందంటే అదీ అదును. అప్పుడు ఈక ఆనిస్తే మధ్య కాడ ముదురు గీతలా పడి, రెండు పక్కలా పీచు పొగలా పరుచుకుంటుంది. కాసేపు కూడా ఉండదు ఆ అదును.

వాసన మాత్రం కోడిని కాల్చినట్టే, ఆ ఈకలోనూ గంధకం ఉంటుంది కదా. పక్కింటామె గోడ మీంచి "ఏటర్రా, కోడిని కాలస్తన్నారా, మాకూ ఓ ముక్క ఎడతారా" అని ఒక కేక. అత్తయ్య గొడవ వేరు, ఆ రాలిన వెంట్రుకలు స్టీలు సామాన్లోడికి దాచుకున్నవి! "గిన్నొచ్చీది, బూడిద సేసేసినారు" అని ఇప్పటికీ నన్ను చూస్తే అంటుంది.

ఇంకో సంగతి, అందరూ ఈక గురించే అడుగుతారు, మట్టి గురించి ఎవరూ అడగరు. అసలు అందమంతా రుద్దుడులోనే ఉంది. తెల్లమట్టి నీళ్లలో కలిపి, మడ్డి కిందకి దిగేక పైన తేలే సన్నటి పాలు మాత్రం తీసుకుని కుండకి పూసి, ఆరేక గులకరాయితో అద్దంలా మెరిసేదాకా రుద్దాలి, ఆ తర్వాతే మొదటి కాల్పు. ఎర్రమట్టి మీద ఉత్తినే వేస్తే నల్ల గీత కళ తప్పుతుంది. మట్టిలో కాస్త ఇసుకో, దంచిన పెంకుల పొడో లేకపోతే వేడి కుండ గాల్లోకి రాగానే ఠప్‌మని పగులుద్ది. ఇవి నేర్పడానికి వైజాగ్‌లో ఒక వర్క్‌షాప్ వాళ్లు నా దగ్గర బోలెడు ఫీజు తీసుకుని, రెడీగా రుద్దిన కుండ చేతికిచ్చి ఈక పెట్టించి ఫోటో తీసి పంపేసేరు. మావయ్య లాంటోళ్లకేమో దీపావళి ప్రమిదలప్పుడు తప్ప ఏడాదంతా పని లేదు.

జపాన్ పేరు చెప్పి గొప్పలు పోయేవాళ్లకి ఒక మాట. 16వ శతాబ్దంలో క్యోటోలో చోజిరో అనే కుమ్మరి, సెన్ నో రిక్యూ అనే టీ గురువు కోసం చేసిన అసలు రాకు గిన్నెల మీద ఈకలూ లేవు, వెంట్రుకలూ లేవు. ఎర్రగా కాలిన కుండని పొట్టులో పెట్టి పొగపట్టించడం 1960లో పాల్ సోల్డ్‌నర్ అనే అమెరికా ఆయన మొదలెట్టిన పద్ధతి. కాబట్టి మన కోడీక వల్ల ఎవరి సంప్రదాయమూ చెడిపోదు.

పంచదార చల్లితే నల్ల చుక్కలు భలే పడతాయి. కొబ్బరి పీచు, ఎండుటాకులు కూడా వేసేం గానీ అవి తొందరగా మండిపోతాయి, వెంట్రుకంత తేటగా గీత రాదు. పలాస వైపు వాళ్లు జీడి తొక్కు జోలికి మాత్రం వెళ్లకండి, అందులో నూనె ఒంటికి తగిల్తేనే పొక్కుద్ది, ఇంక పొగ సంగతి చెప్పాలా. నారింజ రంగు కోసం ఫెర్రిక్ క్లోరైడ్ అనే రసాయనం కుండ మీద పిచికారీ కొట్టమని వీడియోల్లో చూపిస్తారు, ఆ ఆవిరి ఊపిరితిత్తులకి చెడ్డది, సరైన మాస్కు లేకుండా వద్దు. నైలాన్ బట్టలు వేసుకుని డ్రమ్ము దగ్గరికి రావద్దు.

చల్లారేక తడిగుడ్డతో మసి తుడిచి, మైనం రాసి మెత్తటి గుడ్డతో రుద్దండి. ఇది నీళ్లు ఆపదు, కూరా వండకూడదు, చారూ పొయ్యకూడదు, ఎండుపూలు పెట్టుకోండంతే.