కళతో నిరసన తెలిపితే చమురు కంపెనీలకు చీమ కుట్టినట్టయినా ఉంటుందా?

డబ్బుపరంగా పెద్దగా ఉండదు. దెబ్బ తగిలేది పరువుకి. లండన్‌లోని టేట్ మ్యూజియాలనే చూడండి. బ్రిటన్ చమురు కంపెనీ బీపీ వాటికి ఏళ్ల తరబడి స్పాన్సర్‌గా ఉండేది. అది వద్దంటూ 2010లో 'లిబరేట్ టేట్' అనే కళాకారుల బృందం పుట్టింది.

మెక్సికో సింధుశాఖలో బీపీ బావి పేలి ఏడాదైనప్పుడు, 2011 ఏప్రిల్‌లో, టేట్ బ్రిటన్ హాల్లో ఒకతను ఒంటి మీద నూలుపోగు లేకుండా నేల మీద ముడుచుకుని పడుకున్నాడు. నల్ల ముసుగులు వేసుకున్న ఇద్దరు అతని మీద నూనెలాంటి నల్లటి ద్రవం పోశారు. 87 నిమిషాలు అలాగే ఉన్నాడు. సముద్రంలోకి చమురు కారిన ఒక్కో రోజుకీ ఒక్కో నిమిషమన్నమాట.

మరుసటి ఏడాది 16.5 మీటర్ల గాలిమర రెక్కను టేట్ మోడర్న్‌లోకి మోసుకొచ్చి, 'కానుక' అని వదిలేసి వెళ్లారు. (ఆ భవనం ఒకప్పుడు చమురుతో నడిచిన విద్యుత్ కేంద్రం!)

సమాచార హక్కు పోరాటం తర్వాత 2015లో లెక్కలు బయటపడ్డాయి: 1990-2006 మధ్య టేట్‌కు బీపీ ఇచ్చింది ఏడాదికి సగటున 2.24 లక్షల పౌండ్లు. అంత పేరు ఇంత చవగ్గా దొరికిందా అనిపించింది నాకు. 2016లో బీపీ తప్పుకుంటున్నట్టు ప్రకటించింది, కారణం మాత్రం వ్యాపార పరిస్థితులంది. 2023లో అదే బీపీతో బ్రిటిష్ మ్యూజియం 5 కోట్ల పౌండ్ల ఒప్పందం చేసుకుంది.