కొత్త కీబోర్డ్ కొనే ముందు ఎఫ్1 పైనున్న లైను చదవండి

మీ సిస్టమ్ ఆన్ చేయగానే నల్ల తెర మీద కీబోర్డ్ దొరకలేదని వచ్చి, ఎఫ్1 నొక్కమని ఆగిపోతోందన్నారు. కొత్త కీబోర్డ్ తెచ్చినా అదే వరస అన్నారు. దయచేసి ఇంకోటి కొనకండి. నేను కొన్నాను, డబ్బు దండగైంది.

మాది శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ. 2019 జనవరిలో మా మేనకోడలు ఉద్యోగానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి, మర్నాడే ఆఖరు తేదీ. ఆ రాత్రే మా పాత సిస్టమ్ ఇలా మొండికేసింది. కొత్త కీబోర్డ్ పెట్టినా కదల్లేదు. చూసిన మెకానిక్ మదర్‌బోర్డే పోయిందన్నాడు. పిల్ల ముఖం చూస్తే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

అప్పుడు తీరిగ్గా తెర చూశాను. ఎఫ్1 మాటకు పైన ఇంకో లైనుంది: సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్. బయోస్ అంటే ఆన్ చేయగానే, విండోస్ కంటే ముందే నడిచే ప్రోగ్రాం. అది సెట్టింగులు దాచుకునే చోటే సీమాస్. ఆ సెట్టింగులన్నీ చెరిగిపోయాయని ఆ లైను అర్థం. అసలు సంగతి అక్కడుంది.

ఆన్ చేసేటప్పుడు కీబోర్డ్ లైట్లనూ గమనించండి. మామూలుగా అవి ఒకసారి మెరిసి ఆరతాయి. అసలు మెరవకపోతే వైరో, పోర్టో చూసుకోవాలి. సీపీయూ ముందువైపు పోర్టు వదిలేసి వెనకాల, మదర్‌బోర్డుకే ఉన్న దాంట్లో పెట్టండి. మెరిసినా నమ్ లాక్ పలక్కపోతే, కరెంటు అందుతోంది గానీ బయోస్ దాన్ని పట్టించుకోవడం లేదన్నమాట. మాది అదే. పాత బోర్డులు కొన్నింటిలో సెట్టింగులు చెరిగితే యూఎస్‌బీ కీబోర్డ్ సపోర్ట్ డిజేబుల్‌కి వెళ్లిపోతుంది.

మరి కీబోర్డే పనిచేయకపోతే బయోస్‌లోకి ఎలా వెళ్లాలి? పక్కింటి మాస్టారి దగ్గర గుండ్రటి పిన్నున్న పాత పీఎస్2 కీబోర్డ్ దొరికింది. వెనకాల ఊదా రంగు పోర్టు దానిదే, ఆకుపచ్చది మౌస్‌ది. మొదట సిస్టమ్ ఆన్‌లో ఉండగానే గుచ్చాను, పలకలేదు. పూర్తిగా ఆపి, పిన్నులు వంగకుండా సరిగా అమర్చి, అప్పుడు ఆన్ చేయాలి. డిలీట్ నొక్కి లోపలికి వెళ్తే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంది. యూఎస్‌బీ కీబోర్డ్ సపోర్ట్ ఎనేబుల్ చేసి, ఎఫ్10తో సేవ్ చేశాను. దరఖాస్తు ఆ రాత్రే వెళ్లింది.

తెల్లారి మళ్లీ అదే బొమ్మ! రాత్రి పడుకునే ముందు గోడ స్విచ్ ఆపేశాను కదా. స్విచ్ ఆన్‌లో ఉంటే సిస్టమ్ ఆపినా బోర్డుకు కొంచెం కరెంటు అందుతూనే ఉంటుంది. స్విచ్ ఆపితే ఆ సెట్టింగుల భారమంతా లోపలి చిన్న సెల్ మీదే. పిడుగులకూ వోల్టేజీకీ భయపడి మన వైపు చాలామందిమి రోజూ స్విచ్ ఆపేస్తాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడైతే మాకు రోజుల తరబడి కరెంటే లేదు. 2008లో కొన్నప్పటి సెల్లు, ఉన్న కాస్త ఓపికా అప్పుడే అయిపోయి ఉంటుందని నా అనుమానం.

ఆ సెల్ పేరు సీఆర్2032, అర్ధ రూపాయంత బిళ్ల, 3 వోల్టులు. ప్లగ్ పీకేసి, పక్కనున్న క్లిప్పు వేలితో నొక్కితే పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టండి. మా దాని కింద పచ్చగా చిలుము పట్టింది, పొడి గుడ్డతో తుడిచాను. తర్వాత బయోస్‌లో తేదీ, కీబోర్డ్ సెట్టింగు ఒక్కసారి సరిచేస్తే చాలు. నాకు మళ్లీ రాలేదు.

మీది కొత్త సిస్టమై, విండోస్‌లోకి వెళ్లాక కీబోర్డ్ బాగానే పనిచేస్తుంటే అది వేరే కథ: ఫాస్ట్ బూట్, అంటే త్వరగా ఆన్ అవడానికి కీబోర్డ్ లాంటివాటిని వెతకడం దాటేసే సెట్టింగు, అయి ఉండొచ్చు. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొట్టి, ట్రబుల్‌షూట్‌లోంచి ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ (బయోస్)లోకి వెళ్లి దాన్ని ఆపండి.

ముందు గడియారం చూడండి. రోజూ తేదీ వెనక్కి పోతుంటే సెల్లే. కాకపోతే, ఎఫ్1 పైన ఏ లైను వస్తోందో అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.