అత్యవసర నిధిని గోడలకు పెట్టి హోటల్ కట్టవద్దు

ప్రశ్న: విజయవాడ భవానీపురంలో మా అమ్మ పేరిట పాత మేడ ఉంది. 2024 సెప్టెంబరు వరదలో కింది అంతస్తులోకి నీళ్లు వచ్చాయి. అమరావతి పనులు మళ్లీ మొదలై గదులకు గిరాకీ పెరగడంతో దాన్ని పది గదుల బొటిక్ హోటల్‌గా మార్చాలనుకుంటున్నాను. మేడను తనఖా పెట్టి 90 లక్షలు (10.5 శాతం, 12 ఏళ్లు), ప్రోనోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి 15 లక్షలు తెస్తాను. నా 8 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఇంటీరియర్‌కు సరిపోతుంది. వయసు 44, జీతం 1.2 లక్షలు, ఇంటి ఖర్చు 60 వేలు. 25 లక్షల ఎండోమెంట్ పాలసీ ఉంది.

సమాధానం: గిరాకీ విషయంలో మీ అంచనాను తప్పుపట్టను. 2025 మే 2న రాజధాని పనులు పునఃప్రారంభమయ్యాయి. ఇంద్రకీలాద్రికి వచ్చే భక్తులు ఎలాగూ ఉన్నారు. అయితే ఇదే రాజధానికి 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగిందని, 2019 తరువాత పనులు దాదాపు ఐదేళ్లు నిలిచిపోయాయని, ఆ మధ్యలో కొవిడ్ వచ్చి మారటోరియం (వాయిదాలు కట్టకుండా విరామం) ఇచ్చిన నెలల్లోనూ అప్పులపై వడ్డీ పెరుగుతూనే ఉందని మరచిపోకండి. మీ అప్పు గడువు 12 ఏళ్లు.

ఈ ప్రశ్నను ఎంచుకున్నది మీ డిపాజిట్ గురించి చెప్పడానికే. చేతిలో ఉన్న ఒక్క నిల్వనూ పెట్టుబడిగా లెక్కవేసే పొరపాటు చాలామంది చేస్తున్నారు. నెలవారీ వాయిదా సుమారు 1.10 లక్షలు, ప్రోనోటు వడ్డీ 30 వేలు. హోటల్ తెరవకముందే ఇవి మీ జీతాన్ని దాటిపోతాయి. 90 రోజులు బకాయి పడితే ఖాతా మొండి బాకీ అవుతుంది, ఆపై సర్ఫేసీ చట్టం (కోర్టు తీర్పు లేకుండానే తనఖా ఆస్తి నుంచి బాకీ రాబట్టుకోనిచ్చే చట్టం) కింద 60 రోజుల నోటీసు గడిస్తే మీ అమ్మగారి ఇంటిని స్వాధీనం చేసుకునే హక్కు రుణదాతకు వస్తుంది. అంటే మీకున్న వ్యవధి సుమారు ఐదు నెలలు. ఆరు నెలల ఖర్చులకు సరిపడే అత్యవసర నిధి ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే. ఇంటి ఖర్చు, వాయిదా, సిబ్బంది జీతాలకూ కరెంటుకూ నెలకు 2 లక్షలు కలిపితే అది 22 లక్షలకు పైగా అవుతుంది. మీ 8 లక్షలు అందులో మొదటి భాగం, వాటిని కదపకండి.

వరద చూసిన ఇంటికి బీమా మాటే మీరు ఎత్తకపోవడం నన్ను కలవరపెట్టింది. నివాసానికని తీసుకున్న పాలసీ హోటల్‌కు పనికిరాదు. 5 కోట్ల లోపు ఆస్తులున్న వ్యాపారాలకు ఉద్దేశించిన భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష పాలసీలో భవనానికి, పరుపులకు, ఏసీలకు, జనరేటరుకు వరద రక్షణ ఉంటుంది కానీ, నీళ్లు దిగి మరమ్మతులు ముగిసేదాకా పోయే ఆదాయం అందులో రాదు. మీ 25 లక్షల ఎండోమెంట్ పాలసీ ఈ అప్పుకే చాలదు. మీ పేరిట కనీసం 1.6 కోట్ల టర్మ్ పాలసీ (గడువులోగా మీరు పోతే కుటుంబానికి సొమ్ము ఇచ్చే బీమా) ఉండాలి; అందులో 90 లక్షలు అప్పుకే పోతాయి.

మేడను ఎవరైనా హోటల్ నిర్వాహకుడికి లీజుకు ఇవ్వడం, లేదా పై అంతస్తులో మూడు గదులతో మొదలుపెట్టడం మీ ముందున్న ఇతర మార్గాలు.

ప్రోనోటు అప్పు మాత్రం వద్దే వద్దు. ఏడాదికి 24 శాతం వడ్డీ కట్టి నిలబడగల పది గదుల హోటల్‌ను నేను చూడలేదు. ఆ 15 లక్షలు లేనిదే పని పూర్తికాదంటే గదుల సంఖ్య తగ్గించండి.