కొత్త గుమాస్తాకి చెప్పినట్టు రాయి

బరంపురం

చి॥ మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మీ ఏఐ ఏజెంట్ (మన తరఫున పనులు చేసిపెట్టే ప్రోగ్రామ్) ఏ పనిముట్టుని ఎప్పుడు వాడాలో చెప్పడానికి నువ్వు రాసి పంపిన టూల్ డిస్క్రిప్షన్లు రెండుసార్లు చదివాను. కోడ్ జోలికి నేను పోను. కానీ ఇక్కడి పట్టుచీరల కొట్లకీ, కిరాణా హోల్‌సేల్ వాళ్లకీ ముప్పై ఏళ్లుగా పద్దులు రాస్తున్నాను కాబట్టి బిల్లుల సంగతి చెప్పగలను.

"ఇన్‌వాయిస్‌కి పన్ను లెక్కిస్తుంది" అని ఒక వాక్యం రాశావు. లోపల ఏముందో నీకు తెలుసు కాబట్టి అది నీకు చాలు. ఏజెంట్‌కి లోపల కనపడదు. దానికి తెలిసేది టూల్ పేరూ, నువ్వు రాసిన ఆ నాలుగు ముక్కలూ, ఏమేం ఇవ్వాలో చెప్పే పట్టికా, అంతే. అది మొదటిరోజు పనిలోకొచ్చిన గుమాస్తా లాంటిది. తెలివికి లోటు లేదు, మన కొట్టు సంగతే తెలీదు. పైగా తెలీనిచోట ఆగి అడగడం మానేసి ఊహించేస్తుంది.

ఊహిస్తే ఏమవుతుందో మన ఊరి లెక్కతోనే చూడు. ఇచ్ఛాపురం మనకి పక్క ఊరు, సగం చుట్టాలు అక్కడే. జీఎస్టీకి మాత్రం వేరే రాష్ట్రం: మనది ఒడిశా, వాళ్లది ఆంధ్రప్రదేశ్. మన జీఎస్టీ నంబరు 21తో మొదలైతే వాళ్లది 37తో. అక్కడి కొట్టుకి సరుకు పంపితే ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటే అమ్మకాల పన్ను; మన జిల్లాలోనే ఉన్న ఛత్రపురంలో కొట్టుకి పంపితే కేంద్రానికి సీజీఎస్టీ, రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ చెరిసగం. ఇప్పుడు ఇచ్ఛాపురం షావుకారు ఫోన్ చేసి, "బిల్లు నా పేర వెయ్యండి, సరుకు ఛత్రపురంలో మా ఖాతాదారుకి దింపెయ్యండి" అన్నాడనుకో. లారీ గంజాం జిల్లా దాటదు. అయినా మనం ఆయనకి వేసే బిల్లు మీద ఐజీఎస్టీయే పడాలి. సరుకు ఎవరు పంపమన్నారో వారి ముఖ్య వ్యాపార స్థలమే సరఫరా స్థలమని చట్టం.

నీ టూల్ "కస్టమర్ అడ్రస్" అని అడిగి ఊరుకుంది. ఏ అడ్రస్? ఏజెంట్ లారీ దిగే చోటు ఇస్తుంది, బిల్లు తప్పుతుంది. ఇలా రాయి: "బిల్లు ఎవరి పేర వేస్తున్నామో వారి జీఎస్టీ నంబరు, 15 అక్షరాలు, ఇవ్వాలి. సరుకు దింపే చిరునామా ఇక్కడ ఇవ్వకూడదు. రాష్ట్రం పేరు చూసి జీఎస్టీ నంబరు ముందుండే రాష్ట్ర కోడ్ ఊహించవద్దు." ఆ చివరి మాట తీసెయ్యకు. ఆంధ్రప్రదేశ్‌కి విభజనకి ముందున్న కోడ్ 28. పాత కాగితాల్లో అదింకా కనిపిస్తుంది, ఏజెంట్ దాన్నే పట్టుకుంటుంది.

నిరుడు మా ఆఫీసులో పెట్టిన ఏజెంట్‌కి రెండు టూల్స్ ఉండేవి. ఒకటి మనం వేసిన బిల్లులు తీసేది, ఇంకోటి మనకొచ్చిన కొనుగోలు బిల్లులు తీసేది. రెండింటి కిందా "ఇన్‌వాయిస్ వివరాలు ఇస్తుంది" అనే ఉంది. నేను ఒక నూలు వ్యాపారి పంపిన 0147 బిల్లు అడిగాను. అది అమ్మకాల్లోకి వెళ్లి, ముందున్న సున్నా కూడా తీసేసి, 147వ నంబరు చీరల బిల్లు తెచ్చి చేతిలో పెట్టింది. మొత్తం దగ్గర దగ్గరగా ఉండడంతో నేనూ గమనించలేదు. రాత్రి పదకొండింటికి పద్దు కలవక ఒక్కో కాగితం తిరగేస్తే దొరికింది. అందుకే ప్రతి టూల్ కిందా అది ఏ పనికి కాదో, ఆ పనికి ఏ టూల్ వాడాలో పేరుతో రాయి. బిల్లు నంబరు అంకె కాదు, అక్షరాల వరుస అని చెప్పు: 16 అక్షరాల దాకా ఉండొచ్చు, గీతలూ ముందు సున్నాలూ ఉన్నవి ఉన్నట్టే పంపాలి. ఏటా ఏప్రిల్‌లో మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టే కొట్లే ఎక్కువ, కాబట్టి ఆర్థిక సంవత్సరం కూడా అడుగు. మొత్తం రూపాయల్లోనా పైసల్లోనా, తేదీలో ముందు రోజా నెలా, ఇవి ఒక్కో ముక్కలో తేల్చెయ్యి.

ఏమీ దొరక్కపోతే ఖాళీ జవాబు ఇవ్వకు. "ఈ నంబరుతో బిల్లు లేదు" అనడం వేరు, "పోర్టల్ పలకలేదు" అనడం వేరు. రెండూ ఒకేలా కనిపిస్తే బిల్లు లేదనుకుని కొత్తది వేసేస్తుంది.

ఈ-ఇన్‌వాయిస్ టూల్ చూసి నాకు భయమేసింది. ఐఆర్‌ఎన్, అంటే బిల్లు నమోదయ్యాక ప్రభుత్వ పోర్టల్ ఇచ్చే గుర్తింపు నంబరు, ఒకసారి పుట్టాక పోర్టల్‌లో రద్దు చేసుకోవడానికి 24 గంటలే గడువు. రద్దు చేసినా ఆ బిల్లు నంబరు మళ్లీ పనికిరాదు. గడువు దాటితే క్రెడిట్ నోట్ (వేసిన బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ రాసే కాగితం) దాకా పోవాలి. నువ్వేమో "ఇన్‌వాయిస్ సమర్పిస్తుంది" అని తేలిగ్గా రాసేశావు. మొదటి వాక్యంలోనే రాయి, ఇది ప్రభుత్వ పోర్టల్‌లో నమోదవుతుందని, మనిషి సరే అన్నాకే పిలవాలని, సరిచూడ్డానికి దీన్ని వాడొద్దని.

రాశాక మీ ఆఫీసులో లెక్కలు తెలిసిన ఎవరికైనా డిస్క్రిప్షన్లు మాత్రమే ఇచ్చి, పది పనులు చెప్పి, దేనికి ఏ టూలో అడుగు. వాళ్లు తడుముకున్న చోటల్లా తిరగరాయి. క్రెడిట్ నోట్ టూల్‌ది ముందు నాకు పంపు, అసలు బిల్లు నంబరు అడుగుతున్నావో లేదో చూడాలి.

ఉంటాను,
మావయ్య